పై కాయ కోసం ఆగితే కింద కాయ పోయింది

రావులపాలెం దగ్గర గోదారి లంకలో మాకు అరెకరం ఉంది. ఏటా కూరగాయలే వేసేవాళ్ళం. పోయినేడు బెండకాయ రేటు చూశాక విసుగొచ్చి, జనవరి ఆఖర్లో నువ్వులు చల్లాను. ఎకరానికి రెండున్నర కేజీల విత్తనం చాలు, అంటే నాకు కేజీంబావు. అంత సన్నటి గింజని విడిగా చల్లితే ఒకచోట కుప్పగా పడుతుంది, ఇంకోచోట అసలు పడదు. అందుకని మూడింతలు ఇసుక కలిపి చల్లాలి. లోతుగా పడితే పైకి రాదు. మొలిచిన పదిహేను రోజులకి మొక్కకీ మొక్కకీ జానెడు ఎడం ఉండేలా ఒత్తుగా ఉన్నచోట పీకెయ్యాలి. ఆ పని చేస్తుంటే ప్రాణం ఒప్పదు గానీ తప్పదు.

ఆ తర్వాత పెద్దగా పనుండదు. నీళ్ళు తక్కువైనా తట్టుకుంటుంది, నిలబడితేనే చస్తుంది. నెల దాటాక లేత గులాబీ రంగు కలిసిన తెల్లటి పూలు గంటల్లా వేలాడుతూ వస్తాయి. కొన్ని మొక్కలకి పూలు రావాల్సిన చోట చిన్న చిన్న ఆకులు గుబురుగా వచ్చాయి. అదేదో కొత్త రకం అనుకుని ఫొటో కూడా తీశాను. మా పెదనాన్న చూసి నెత్తి కొట్టుకున్నాడు. అది వెర్రి తెగులు. దీపపు పురుగులు ఒక మొక్క నుంచి ఇంకోదానికి అంటిస్తాయి, మందు కొట్టినా ఆ మొక్క బాగుపడదు, పీకి తగలెయ్యడమే. ఓ ఇరవై మొక్కలు పోయాయి.

అసలు దెబ్బ కోత దగ్గర తగిలింది. నువ్వు కాయ కింద నుంచి పైకి పండుతుంది. కింద కాయలు గోధుమరంగుకి తిరిగేసరికి పైన ఇంకా పచ్చిగానే ఉంటాయి, చివర్న ఒకటో రెండో పూలు కూడా కనిపిస్తాయి. ముప్పాతిక వంతు కాయలు పసుపుబారగానే కోసెయ్యాలి. "ఒరేయ్, పై కాయకి ఆశపడితే కింద కాయ పోద్దిరా" అని పెదనాన్న చెబుతూనే ఉన్నాడు. నేను పెళ్ళికెళ్ళి మూడు రోజులకి వచ్చాను. చేలోకి దిగి ఒక మొక్కని పట్టుకుంటే చిటపటమని నా కాళ్ళమీద గింజలు! కాయ కొన దగ్గర విచ్చుకుని చిన్న గిన్నెలా నోరు తెరిచి ఉంది, గాలొచ్చినప్పుడల్లా ఒలికిపోతోంది. మర్నాడు తెల్లవారుజామున, మంచు తడి ఉండగానే కోయించి టార్పాలిన్ మీద తలకిందులుగా దులిపాం. క్వింటాలున్నర వస్తుందనుకుంటే తొంభై కేజీలు తేలాయి.

సగం అమ్మేసి సగం ఉంచుకున్నాను. గానుగకి పది కేజీలు పట్టుకెళితే నాలుగు కేజీల దాకా పప్పునూనె వచ్చింది. ఆడేటప్పుడు కాస్త బెల్లం వేస్తారు, నూనె బాగా విడుతుందట. ఆ ఏడు ఆవకాయకి ఇదే పోశాం. పప్పునూనెలో సహజంగానే కంపు పట్టకుండా కాపాడే పదార్థాలున్నాయి, పచ్చడికి మనవాళ్ళు దాన్నే ఎంచుకోవడం ఊరికే కాదు. తైలం అన్న మాటే తిలలు, అంటే నువ్వుల నుంచి వచ్చింది.

నాకు మాత్రం నూనెకంటే తెలగపిండి మీదే ప్రేమ. నూనె తీశాక మిగిలే చెక్కే అది. వేరే ఊళ్ళలో పశువులకి పెడతారని విని నవ్వొచ్చింది. మరిగే నీళ్ళలో ఉప్పు వేసి, పొడి చేసిన తెలగపిండి పోసి ఉప్మాలా ఉడికించి, మునగాకు కలిపి, వెల్లుల్లి, ఎండుమిర్చి, మినపప్పుతో పోపు పెడితే పొడిపొడిగా వస్తుంది. బాలింతలకి పాలు పడతాయని మా మామ్మ రోజు విడిచి రోజు చేసేది.

చిమ్మిలి సంగతి చెప్పకపోతే మామ్మ ఊరుకోదు. నువ్వులు దోరగా వేయించి, చిటపటలాడగానే దించి, రోట్లో బెల్లంతో దంచుతుంటే కాసేపటికి రోకలి అంచున నూనె మెరుస్తుంది. అప్పుడు ఆపెయ్యాలి, ఇంకా దంచితే ముద్ద జారిపోతుంది. నాగుల చవితికి పుట్ట దగ్గర పెట్టేదీ, పిల్ల పెద్దమనిషైతే తినిపించేదీ ఇదే. పొట్టుతో ఉన్న నువ్వుల్లో వంద గ్రాములకి తొమ్మిది వందల మిల్లీగ్రాములు దాటి కాల్షియం, పద్నాలుగు దాకా ఇనుము ఉంటాయి కాబట్టి పాత ఆచారం వట్టిది కాదు. అలాగని అదంతా ఒంటికి పట్టదు, పొట్టులోని ఆక్సలేట్లు అడ్డుపడతాయి. నల్ల నువ్వులు తింటే తెల్లజుట్టు నల్లబడుతుందని పంపే వీడియోలని మాత్రం నేను నమ్మను. నా తల చూస్తే తెలుస్తుంది.

పక్కింటి పిన్నిగారికి ఒక డబ్బా ఇవ్వబోతే చెయ్యి వెనక్కి లాక్కుంది. నువ్వులు చేతికివ్వకూడదుగా! అరుగుమీద పెట్టాను, ఆవిడ తీసుకుంది.

తొలకరి పడ్డాక చేలో రాలిన గింజలన్నీ ఒత్తుగా మొలిచాయి. "విత్తనం ఖర్చు మిగిలింది కదరా" అని పెదనాన్న వెక్కిరించాడు. జూలైలో గోదారొచ్చి లంకలో రెండు రోజులు నీళ్ళు నిలబడ్డాయి. అవి తీసేసరికి ఒక్క మొక్కా లేదు.