మామా కార్తీక్‌కి టీచరమ్మ వేసిన ప్రశ్న

"రేపు మీరు రాకపోతే వీడు ఎవరి చెయ్యి కోసం చూడాలి, మామా కార్తీక్?" అని అడిగింది టీచరమ్మ. టాంజానియాలో తల్లిని పెద్ద బిడ్డ పేరుతో పిలుస్తారు, అందుకని అక్కడ నేను మామా కార్తీక్‌ని. ఆవిడ కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నన్ను ఇంతగా గుచ్చుకునేది కాదేమో.

దార్ ఎస్ సలామ్ నగరంలో టెమెకె వైపున్న చిన్న నర్సరీ బడి అది. వారంలో కొన్ని పూటలు వెళ్ళి టీచర్లకు సాయం చేస్తుంటాను. పొద్దున పదింటికి, ఆరింటి నుంచి గంటలు లెక్కపెట్టే అక్కడివాళ్ళ పద్ధతిలో నాలుగో గంటకు, పిల్లలకు ఉజి పోస్తారు. మొక్కజొన్న పిండితో కాచిన జావ. ఒక్కోరోజు రాగి పిండి కూడా కలుపుతారు. రాగి పుట్టిందే తూర్పు ఆఫ్రికా కొండల్లోనట, మన సీమకు వచ్చింది ఆ తర్వాతే. ఆ సంగతి తెలిశాక ఆ వాసన నాకు మరీ ఇంటి వాసనలా అనిపిస్తుంది.

పిల్లలు ఇంటి నుంచి తెచ్చుకున్న ప్లాస్టిక్ కప్పులు పట్టుకుని వరసలో నిలబడతారు. మూడేళ్ళ పిల్ల కూడా కప్పు రెండు చేతులతో పట్టుకుని, చుక్క ఒలకకుండా నడిచి, గోడవార కూర్చుని ఊదుకుంటూ తాగుతుంది. అడుగున మిగిలింది వేలితో తీసుకుని నాకుతుంది. తర్వాత బకెట్ దగ్గర తన కప్పు తనే కడిగి బోర్లిస్తుంది. ఎవరూ చెప్పక్కర్లేదు.

కొత్తగా చేరిన ఒక పిల్లాడు మాత్రం తల్లి కోసం ఏడుస్తూ కప్పు ముట్టుకోలేదు. మనలో ఎవరైనా ఏం చేస్తారు? ఒళ్ళో కూర్చోబెట్టుకుని, చెంచాతో ఊది పట్టాను. తాగాడు. మర్నాడు కప్పు నింపించుకుని నేరుగా నా దగ్గరకే వచ్చాడు. నాకు చాలా సంతోషం వేసింది. టీచరమ్మకు నచ్చనిది సరిగ్గా అదే.

ఆ దేశానికి సెలవుల్లో వలంటీర్లుగా వచ్చేవాళ్ళు చాలామందే ఉంటారు. ఎక్కువగా కిలిమంజారో దగ్గరి మోషీ, అరుషా ఊళ్ళకు వెళతారు, కొందరు ఇటూ వస్తారు. కొన్ని వారాలు పిల్లల్ని ఎత్తుకుని తిప్పి, ఫొటోలు దిగి వెళ్ళిపోతారు. బెంగపెట్టుకున్న పిల్లల్ని ఊరుకోబెట్టాల్సింది ఈ టీచర్లే. నన్నూ ఆ లెక్కలో వేసిందని నా బాధ. నేను అలా వచ్చి పోయేదాన్ని కాదు. ఇదే నగరంలో ఉపాంగా అనే పేటలో కాపురం ఉంటున్నదాన్ని, కూరగాయల దగ్గర స్వాహిలీలో బేరమాడేదాన్ని. అయితే మావారి వర్క్ పర్మిట్ రెండేళ్ళకోసారి రెన్యూ కావాలి, ఆ టైమ్ వచ్చిందంటే ఇంట్లో టెన్షనే. అది ఆవిడకు నేను చెప్పకుండానే తెలుసు.

అయినా తినిపించడం తప్పంటే నేను ఒప్పుకోను. కార్తీక్ ఆరో తరగతి దాకా నా చేతి ముద్దలే తిన్నాడు. వాడికి కలుపుకుని తినడం రాకనా? బడి నుంచి వచ్చి, ముద్దకీ ముద్దకీ మధ్య ఆ రోజు ఎవరు కొట్టారో, ఎవరు మాట్లాడలేదో, లెక్కల సార్ ఏమన్నాడో అంతా చెప్పేవాడు. ఇప్పుడు విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నాడు. ఫోన్లో "తిన్నావా నాన్నా?" అంటే "తిన్నా" అంటాడు, అక్కడితో మాట అయిపోతుంది. చేత్తో పెట్టి పెంచితే పిల్లలు చేతకానివాళ్ళవుతారని ఎవరైనా అంటే, వాళ్ళకు ఆ ముద్దల మధ్య కబుర్లు తెలియవంటాను.

టీచరమ్మ వాదన మాత్రం వేరు. 2016 నుంచి ప్రభుత్వ బడుల్లో ఫీజులు తీసేశాక పిల్లలు ఒక్కసారిగా పెరిగారు. ఒకటో తరగతికి ముందరి క్లాసులో 25 మందికి ఒక టీచరు ఉండాలని నియమం. దానికి ఎన్నో రెట్లు పిల్లలున్న గదులు నేనే చూశాను. వీళ్ళు రేపు వెళ్ళాల్సింది అలాంటి గదుల్లోకే. అక్కడ "నాకు అందలేదు" అని నోరు తెరిచి అడగలేని పిల్లాడు ఆకలితో ఇంటికెళతాడు, వాడిని అప్పుడు ఎవరు చూస్తారంటుంది.

ఆవిడకు మాత్రం ముద్దు లేదా? పొద్దున ప్రతి పిల్లా పెద్దలకు దణ్ణం పెట్టినట్టు "షికమో" అని పలకరిస్తే, ఆవిడ బదులుగా "మరహబా" అని తల నిమురుతుంది. వరస వెంట నడుస్తూ, ఒంటికి చుట్టుకునే కాంగా బట్ట చెంగుతో ముక్కులు తుడుస్తుంది. ఒక్కరిని మాత్రం ఎత్తుకోదు, ఎత్తుకుంటే మిగతావాళ్ళు చూస్తుంటారని. అంత సమానంగా ప్రేమించడం నా వల్ల కాదు, ఆ సంగతి ఆవిడతోనూ అన్నాను.

ఇప్పుడు కప్పు వాడి చేతుల్లోనే ఉంటుంది. ఊదడం నేను ఊదుతాను, పక్కన కూర్చుని. అంతవరకు ఆవిడ ఒప్పుకుంది. ఇండియా వెళ్ళేటప్పుడు పిల్లలకు ముందే చెప్పాలని, మళ్ళీ ఎప్పుడొచ్చేదీ తెలియకపోతే వస్తానని ఊరికే అనకూడదని షరతు పెట్టింది. దానికి నేనూ ఒప్పుకున్నాను. చెంచా సంగతి మాత్రం మా ఇద్దరి మధ్య ఇంకా తేలలేదు.