నీళ్ళు తాగినా పెరిగే ఒళ్ళు

"మన ఇంటి ఒళ్ళే గంత బిడ్డా, నీళ్ళు తాగినా పెరుగుతది" అని మా అమ్మ ఎప్పుడూ అనేది. అమ్మ, ఇద్దరు చిన్నమ్మలు, నేను, అందరిదీ ఒకటే ఒళ్ళు. నాది హన్మకొండలో చిట్‌ఫండ్ ఆఫీసులో అకౌంట్స్ పని. పొద్దున పదింటికి కుర్చీలో కూర్చుంటే మళ్ళీ లేచేది సాయంత్రమే. 39 ఏళ్ళకి నా బరువు 78 కిలోలు, ఎత్తు 155 సెంటీమీటర్లు. ఒకసారి జిమ్‌లో చేరితే, అక్కడ నేర్పే అతను అందరి ముందే "ముందు నోరు కట్టుకోండి మేడమ్" అన్నాడు. వారానికే మానేశాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

రెండేళ్ళ కింద రక్తపరీక్షలో మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సీ) 6.2 శాతం అని వచ్చింది. షుగర్ ఇంకా రాలేదు గానీ గడప దాకా వచ్చింది. డాక్టర్ గారు టేపుతో నడుము కొలిపించారు. 98 సెంటీమీటర్లు. మన ఆడవాళ్ళకు 80 దాటితేనే జాగ్రత్తపడాలట.

"మా వంశంలోనే ఉంది సార్" అన్నాను, తిడతారేమోనని భయపడుతూనే. ఆయన తిట్టలేదు. "నిజమేనమ్మా, ఉండొచ్చు" అన్నారు. ఇన్నేళ్ళలో నన్ను తప్పుపట్టకుండా ఆ మాట అన్నది ఆయనొక్కరే. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తర్వాత ఓపిగ్గా చెప్పారు. ఎఫ్‌టీఓ అనే జన్యువుకు ఒళ్ళు బరువుతో సంబంధం ఉందని 2007లో బయటపడింది. అందులో బరువు పెంచే రకం అమ్మ నుంచీ నాన్న నుంచీ రెండువైపులా వచ్చినవాళ్ళు, అసలు రానివాళ్ళకంటే సగటున 3 కిలోలు ఎక్కువ ఉంటారు. వాళ్ళకు తిన్నాక కడుపు నిండిన తృప్తి కొంచెం తక్కువగా ఉంటుందట. ఇలాంటి జన్యువులు ఇంకా చాలా ఉన్నాయి, ఒక్కొక్కటీ కొంచెం కొంచెం కలుపుతుంది. అయితే 2011లో 2 లక్షల 18 వేల మంది వివరాలు కలిపి చూస్తే, ఒంటికి పని చెప్పేవాళ్ళలో ఎఫ్‌టీఓ వల్ల వచ్చే ఊబకాయం ముప్పు 27 శాతం తగ్గి కనిపించింది. అంతకు ముందు ఏడాది ఇంగ్లండ్‌లోని నార్‌ఫోక్‌లో 20 వేల మందిని చూసినప్పుడు కూడా, 12 రకాల జన్యువుల ప్రభావం కదిలేవాళ్ళలో 40 శాతం తక్కువగా ఉంది.

"జీన్ టెస్ట్ చేయించుకోవాలా సార్?" అని అడిగాను. "ఎందుకమ్మా డబ్బులు దండగ. ఏది వచ్చినా నేను చెప్పేది నడవమనే. మీ అమ్మమ్మ కూడా ఇలాగే ఉండేవారా?" అన్నారు.

ఆ ప్రశ్న దగ్గర నేను ఆగిపోయాను. మా అమ్మమ్మ సన్నగా ఉండేది. జగిత్యాల దిక్కు మా ఊళ్ళో నాట్లకు, కలుపుకు, పత్తి ఏరడానికి పోయేది. మోకాళ్ళు పట్టేసి మంచానికి చేరాకనే ఒళ్ళు వచ్చింది. మా అమ్మ పన్నెండేళ్ళ వయసు నుంచే బీడీలు చేసింది. ఒళ్ళో చాట, చాటలో తునికాకు, తంబాకు. రోజుకు వెయ్యి బీడీలు కావాలంటే పొద్దంతా కదలకుండా కూర్చోవాల్సిందే. చిన్నమ్మలదీ అదే పని. నాది కుర్చీ. ఒకే రక్తం, కానీ అమ్మమ్మ పొలంలో ఉంది, మేం కూర్చున్నాం. మా అమ్మ తిండిపోతని ఎన్నిసార్లు ఎంతమంది అన్నారో! ఆమె పిల్లల కోసం కూర్చుని పనిచేసింది, అంతే.

భద్రకాళి బండ్ మీద పొద్దున ఐదున్నరకు నడక మొదలుపెట్టాను. మొదటివారం పది నిమిషాలకే మడమలు నొప్పి పుట్టేవి. చెప్పులు పక్కన పెట్టి బూట్లు కొనుక్కున్నాక తగ్గింది. నెలన్నరకు రోజూ నలభై నిమిషాలు, వారానికి ఐదు రోజులు నడవగలిగాను. వారానికి 150 నిమిషాలు తక్కువ కాకూడదని డాక్టర్ గారి మాట. ఆఫీసులో గంటకోసారి లేచి ఫైళ్ళు నేనే తెచ్చుకోవడం మొదలుపెట్టాను.

రెండు నెలలైనా తగ్గింది కిలోన్నరే. చాలా టెన్షన్ పడ్డాను. మళ్ళీ వెళ్తే ఆయన బరువు చూడలేదు, టేపు తెప్పించారు. నడుము 95. "బరువు మెల్లగా తగ్గొచ్చు. కానీ అందరికంటే మీకే ఇది ఎక్కువ అవసరం" అన్నారు. నాకు ఆ రోజు నిజంగా ధైర్యం వచ్చింది. వానాకాలంలో ఇరవై రోజులు తప్పింది. దసరాకు సకినాలు, సర్వపిండి తిన్నాను. ఇప్పుడు బరువు 72, నడుము 90, షుగర్ 5.7. సన్నబడలేదు, కానీ మెట్లెక్కితే ఆయాసం లేదు.

మా పాపకు పదమూడేళ్ళు. దానికీ మా ఒళ్ళే వస్తోంది. బడిలో కబడ్డీ ఆడతానంటే చదువు పోతుందని ఇంట్లో వద్దన్నారు. నేను ఒప్పుకోలేదు. సాయంత్రం గ్రౌండ్ దగ్గర దింపి, అది ఆడినంతసేపూ నేను చుట్టూ నడుస్తాను. మొన్న అమ్మ కూడా వచ్చి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుంటూ రెండు రౌండ్లు తిరిగింది.