వంతెన కింద డర్బన్

దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో దారి అడగడం పెద్ద తలనొప్పి. మ్యాప్ ఒక పేరు చెబుతుంది, జనం ఇంకో పేరు చెబుతారు. ఫోన్‌లో డాక్టర్ పిక్స్‌లీ కాసెమే స్ట్రీట్ అని కనిపిస్తుంది, చదివి వినిపిస్తే "ఓ, వెస్ట్ స్ట్రీటా?" అంటారు. డాక్టర్ యూసుఫ్ దాదూ స్ట్రీట్ ఎక్కడ అంటే మొహం అయోమయంగా పెడతారు, గ్రే స్ట్రీట్ అనగానే చెయ్యి చూపిస్తారు. తెల్లదొరల పేర్లు తీసేసి పోరాడినవాళ్ళ పేర్లు పెట్టారు, న్యాయమే. కానీ ఊరికి కొత్తగా వచ్చినవాడికి పాతా కొత్తా రెండూ బట్టీ పట్టక తప్పదు.

అసలు సెంటర్‌కి వెళ్ళడమే ఒక యుద్ధం అయింది. జోహన్నెస్‌బర్గ్‌లో ఉద్యోగం చేసే మా బావమరిది విమానం ఎక్కించేటప్పుడే మొదలెట్టాడు. "బావా, బీచ్ చూడు, షార్కులు చూడు, హాయిగా తిని పడుకో. టౌన్‌లోకి మాత్రం వెళ్ళకు." హోటల్ రిసెప్షన్‌లో అమ్మాయిదీ అదే పాట. సముద్రం ఒడ్డున గోల్డెన్ మైల్ మీద నడవొచ్చట, అక్కడి నుంచి రెండు కిలోమీటర్లు లోపలికి మాత్రం క్యాబ్‌లో వెళ్ళి క్యాబ్‌లోనే రావాలట. ఇంతకీ సెంటర్‌లో ఏముందని అడిగితే ఇద్దరికీ తెలీదు. చూడని ఊరి గురించి అంత గట్టిగా ఎలా చెబుతారో నాకు అర్థం కాదు. వద్దు వద్దు అంటుంటే నాకు పంతం పెరిగింది.

అయినా భయం లేదని చెప్పను. వాచీ హోటల్లోనే వదిలేశాను, ఫోన్ లోపలి జేబులో పెట్టుకున్నాను.

వెస్ట్ స్ట్రీట్ మీద నడుస్తుంటే ఒక పక్క బూట్ల షాపులు, ఇంకో పక్క పేవ్‌మెంట్ మీద ఛార్జర్లు, సాక్సులు, ఉడకబెట్టిన మొక్కజొన్న కండెలు. 1897 జనవరి 13న గాంధీని తరిమి కొట్టింది ఈ వీధిలోనే. ఓడ దిగి నడిచి వస్తుంటే తెల్లవాళ్ళ గుంపు చుట్టుముట్టి రాళ్ళు, ఇటుక ముక్కలు, కుళ్ళిన గుడ్లు విసిరింది. అటుగా వస్తున్న పోలీసు సూపరింటెండెంటు భార్య, మిసెస్ అలెగ్జాండర్, తన గొడుగు విప్పి ఆయనకీ గుంపుకీ మధ్య నిలబడింది. ఆ రాత్రి ఆయన తలదాచుకున్న స్నేహితుడు రుస్తుంజీ ఇంటిని గుంపు ముట్టడిస్తే కానిస్టేబుల్ వేషంలో తప్పించుకోవలసి వచ్చింది. పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషన్‌లో రైల్లోంచి తోసేసిన కథ మనకి స్కూల్లోనే చెప్పారు. ప్రాణం మీదికి వచ్చిన ఈ కథ మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు.

సిటీ హాల్ 1910 నాటిది, బెల్‌ఫాస్ట్‌లో ఉన్నదానికి దాదాపు నకలు. ఉత్తర ఐర్లాండ్ చలికి గీసిన భవనాన్ని తెచ్చి తాటిచెట్ల మధ్య నిలబెట్టారు. లోపల మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ, డోడో పక్షి ఎముకల గూడు ఉన్నాయి. పైన ఆర్ట్ గ్యాలరీ. టికెట్ లేదు, జనమూ లేరు. ఈ ప్రాంతపు జులూ తెగవాళ్ళ బుట్టలూ పూసల పనీ వంటివి ఆఫ్రికన్లు చేస్తే "చేతిపని" అని పక్కన పెట్టే రోజుల్లో, 1970లలోనే వాటిని కళాఖండాలుగా కొనడం మొదలెట్టిన గ్యాలరీ ఇది. అందులో టెలిఫోన్ వైరుతో అల్లిన పళ్ళెం ముందు చాలాసేపు ఆగిపోయాను. రాత్రి కాపలా కాసే జులూ మగవాళ్ళు నిద్ర ఆపుకోవడానికి, పారేసిన టెలిఫోన్ వైరు ముక్కలు ఏరి తమ చేతికర్రలకి చుట్టేవాళ్ళట. ఆ అల్లికే ఇలా పళ్ళేలయింది. నడిమధ్య ఎరుపు, అక్కడి నుంచి పసుపు, ఆకుపచ్చ, నీలం సుడి తిరుగుతూ అంచు దాకా వెళతాయి. ఎక్కడా ముడి కనబడదు. తరవాత బీచ్ దగ్గర అలాంటిదే చిన్నది బేరం చేశాను. చెప్పిన ధరని రూపాయల్లోకి మార్చుకున్నాక (రాండ్ అంటే మన అయిదు రూపాయలకి కాస్త అటూఇటూ) నోరు మూసుకుని వచ్చేశాను.

క్వాముహ్లే మ్యూజియం గురించి ఒక్క మాట. నల్లవాళ్ళకి పట్నంలో ఉండడానికి పాసులిచ్చిన ఆఫీసే ఇప్పుడు మ్యూజియం. ఆ ఆఫీసు ఖర్చులు ఎలా గడిచేవో చదివితే ఒళ్ళు మండుతుంది. 1908 నాటి చట్టంతో జొన్న బీరు అమ్మే హక్కు మునిసిపాలిటీ గుప్పిట్లో పెట్టుకుని, ఇంట్లో కాచుకునే ఆడవాళ్ళ మీద కేసులు పెట్టి, ఆ బీరు హాళ్ళ లాభంతోనే నల్లవాళ్ళని అదుపు చేసే యంత్రాంగాన్ని నడిపారు. 1959లో కేటో మేనర్ అనే పేట ఆడవాళ్ళు కర్రలు పట్టుకుని ఆ బీరు హాళ్ళ మీద పడ్డారు. వాళ్ళ ఫొటోలు చూసి బయటికి వచ్చేసరికి వారిక్ మార్కెట్ల వైపు వెళ్ళే మినీబస్ టాక్సీ ఎదురుగా ఆగింది. ఎక్కేశాను.

మన షేర్ ఆటోకి పదిహేను సీట్లు పెట్టి, పెళ్ళి బ్యాండంత స్పీకర్లు బిగిస్తే డర్బన్ టాక్సీ. గ్కోమ్ అనే సంగీతం పుట్టింది ఈ ఊరి శివారు పేటల్లోనే, పక్కటెముకలు అదిరేలా మోగుతుంది. నేనెక్కినదాంట్లో కండక్టర్ లేడు. వెనక వరస వాళ్ళు డబ్బులు ముందు వరసకి అందిస్తారు, అవి చేతులు మారుతూ ముందుకి వెళతాయి. డ్రైవర్ పక్కన కూర్చున్నవాడు లెక్క చూసి చిల్లర వెనక్కి పంపాలి. ఆ సీటు ఖాళీగా ఉందని సంబరపడి కూర్చున్నది నేనే! వెనక నుంచి నోట్లు వస్తున్నాయి, ఎవరికి ఎంతో జులూలో అరుస్తున్నారు. స్కూలు యూనిఫారంలో ఉన్న పిల్ల ఒకతి వెనక సీట్లోంచి వంగి, నా ఒళ్ళోంచే నాణేలు తీసుకుని అందరికీ పంచేసింది. నా టెన్షన్ చూసి డ్రైవర్ నవ్వుతూనే ఉన్నాడు. నా చార్జీ మాత్రం మర్చిపోకుండా అడిగాడు.

వారిక్ జంక్షన్ అంటే రైల్వే స్టేషన్, బస్సులు, టాక్సీ స్టాండ్లు అన్నీ కలిసేచోటు. రోజుకి నాలుగు లక్షల మందికి పైగా దాటిపోతారట. వాళ్ళ కాళ్ళ మధ్యే తొమ్మిది మార్కెట్లు. అక్కడ ఒంటరిగా తిరగడానికి ధైర్యం చాలక, వీధి వ్యాపారుల కోసం పనిచేసే అసియే ఎటాఫులేని అనే సంస్థ తరఫున తిప్పి చూపించే జులూ అమ్మాయితో ముందే మాట్లాడుకున్నాను. "బ్యాగు ముందుకి వేసుకోండి, నా వెనకే రండి" అని చకచకా నడవడం మొదలెట్టింది. ప్రతి నాలుగు అడుగులకీ ఎవరో ఒకరు ఆమెని పలకరిస్తున్నారు. ఆమెతో ఉన్నందుకు నన్నూ పలకరించారు.

మూలికల బజారు ఫ్లైఓవర్ మీద ఉంది. హైవే కోసం కట్టడం మొదలెట్టి సగంలో వదిలేసిన వంతెన అది. 1990లలో దాన్ని వ్యాపారులకి ఇచ్చి, పక్క వంతెనలతో కలిపారు. ఇప్పుడు దాని మీద గోనెసంచుల నిండా బెరళ్ళు, వేళ్ళు, దుంపలు, ఎండిన పాము చర్మాలు. కొనేవాళ్ళు పేరు చెప్పరు, జబ్బు చెబుతారు. అమ్మే ఆవిడ సుత్తితో దంచి పేపర్లో చుట్టి ఇస్తుంది. కింద వంతెన స్తంభాల మీద నిలువెత్తు బొమ్మలున్నాయి. ఫెయిత్47 అనే చిత్రకారిణి 2014లో ఇక్కడ పనిచేసే మనుషులనే గీసింది. వాటి కిందే ఇంకోచోట ఆవు తలకాయలు ఉడుకుతుంటాయి. ఆడవాళ్ళు కత్తులతో చకచకా కోసి, ఉప్పూ కారంతో చెక్క పలకల మీద పెడుతున్నారు. నేను ఆవు మాంసం తినను. ఆకలి మాత్రం మొదలైంది.

ఎర్లీ మార్నింగ్ మార్కెట్‌లోకి అడుగు పెట్టగానే కరివేపాకు వాసన కొట్టింది. మునక్కాడలు, చేమదుంపలు, తోటకూర, పచ్చిమిరపకాయలు. కూలీ ఒప్పందం ముగిశాక చెరుకు తోటలు వదిలి కూరగాయలు పండించుకున్న మనవాళ్ళ మునిమనవలు ఇప్పటికీ ఇక్కడ బల్లలు నడుపుతున్నారు, పక్కనే జులూ వాళ్ళ బల్లలు. 2010 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌కి ముందు దీన్ని కూలగొట్టి మాల్ కడతామన్నారు. వ్యాపారులు రోడ్డెక్కారు, కోర్టుకెక్కారు. మార్కెట్ మిగిలింది.

డెబ్భై ఏళ్ళు ఉంటాయేమో, ఒక పెద్దావిడ చిక్కుడుకాయలు ప్లాస్టిక్ ప్లేట్లలో కుప్పలు పోస్తోంది. నన్ను చూసి ఇంగ్లీషులో "ఇండియా నుంచా?" అంది. విశాఖపట్నం వైపు అన్నాను. చెయ్యి ఆగింది. చీర కాదు, గౌను వేసుకుంది, నుదుట బొట్టు, మెడలో పసుపుతాడు. "మేమూ తెలుగే" అంది, అదీ ఇంగ్లీషులోనే. తెలుగు వాళ్ళ అమ్మతోనే పోయిందట. కానీ పెరటాసి (తమిళుల పురట్టాసి నెల, వేంకటేశ్వరస్వామి కోసం మాంసం మానేస్తారు) శనివారాలు మాత్రం వాళ్ళ ఇంట్లో ఒక్కటీ తప్పలేదట. నేను వెళ్ళింది సరిగ్గా ఆ నెలలోనే. ఊళ్ళో సగం హిందువులు మాంసం మానేసి కూరల మీద పడడంతో చిక్కుడుకాయల ధర ఎలా ఎక్కిందో పావుగంట చెప్పింది. "గోవిందా అంటారు, నన్నేమో దోచుకుంటున్నావంటారు. రైతు నాకెంతకి ఇస్తున్నాడో వాళ్ళకేం తెలుసు?"

తరవాత చేతులు తుడుచుకుని ఫోన్‌లో ఒక ఫొటో చూపించింది. ఇండియా నుంచి కూలీలని తెచ్చిన ఓడ జాబితాలో ఒక పేజీ. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ 342 మందితో ఈ రేవుకి వచ్చింది, 1911 దాకా అలా లక్షా యాభై రెండు వేల మంది వచ్చారు. దిగిన ప్రతివాడికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఎత్తు, ఒంటి మీద గుర్తులు. ఆమె వేలు ఒక వరస మీద ఆగింది. అప్పలస్వామి. సింహాచలం అప్పన్న పేరు, మా వైపు ప్రతి వీధిలోనూ ఉండేది. జిల్లా విజగపటం. గుర్తు: ఎడమ మోకాలి కింద మచ్చ. ఊరి పేరు గడిలో సిరా అలుక్కుపోయింది. "చదవగలవా?" అని అడిగింది. ఫొటో పెద్దది చేసి, అటూ ఇటూ తిప్పి చూశాను. మొదటి అక్షరం బి కావచ్చు, ఆర్ కావచ్చు. బొబ్బిలా, రాజామా? తెలీదన్నాను. "నా కొడుకూ ఇదే అన్నాడు" అని ఫోన్ లోపల పెట్టేసి, ఇంకో కొనేవాడి వైపు తిరిగింది. కరివేపాకు కట్ట ఇవ్వబోతే హోటల్లో ఏం చేసుకుంటానని వద్దన్నాను. అయినా చేతిలో పెట్టింది, డబ్బు తీసుకుంది.

అక్కడి నుంచి గ్రే స్ట్రీట్ దగ్గరే. బంగారు గుమ్మటాల జుమ్మా మసీదు, దాని పక్క నుంచి సన్నటి మదరసా ఆర్కేడ్, అవతల క్యాథలిక్ చర్చి. విక్టోరియా స్ట్రీట్ మార్కెట్‌లో మసాలాల గుట్టలు. ఒకదానికి "అత్తగారి సంహారిణి" అన్న అర్థం వచ్చే బోర్డు పెట్టారు. టూరిస్టులంతా దాన్నే ఫొటో తీస్తారు. రుచి చూశాను, గుంటూరు కారం తిన్నవాడికి అదేం చెయ్యదు.

బన్నీ చౌ కోసం క్యూలో నిలబడ్డాను. బ్రెడ్డులో పావు ముక్క కోసి, లోపల తొలిచి, కూర నింపి, తొలిచిన బ్రెడ్డుని పైన మూతలా పెట్టి ఇస్తారు. నల్లవాళ్ళని హోటళ్ళలోకి రానివ్వని రోజుల్లో ప్లేటు లేకుండా పట్టుకెళ్ళడానికి పుట్టిందంటారు, గోల్ఫ్ ఆటలో సంచులు మోసే కుర్రాళ్ళ కోసం అంటారు, ఎవరి కథ వాళ్ళది. మటన్‌ది అడిగితే బోర్డు మీద ధర చూసి గుండె ఝల్లుమంది. బీన్స్‌ది సగం ధరకే. క్యూలో అందరూ పెరటాసి పుణ్యమా అని అదే తీసుకుంటున్నారు, నేనూ తీసుకున్నాను. చెంచా ఇవ్వరు. గోడ అంచు మీద కూర్చుని మూత ముంచుకు తినడం మొదలెట్టాలి, తరవాత గోడలు, అడుగు చివర. తొందరపడితే చొక్కా మీద పడుతుంది. లోపల బంగాళాదుంప కూడా ఉంది, కారం నిజంగానే ఉంది, పక్కన తురిమిన క్యారెట్, ఉల్లిపాయ, వెనిగర్.

వెళ్ళేవాళ్ళు క్వార్టర్ అడగండి, హాఫ్ ఒక్కరి వల్ల కాదు. ఆదివారం పోకండి, సగం షట్టర్లు దించి ఉంటాయి. మినీబస్ టాక్సీలో మాత్రం ముందు సీటు ఖాళీగా ఉన్నా వెనక్కే వెళ్ళి కూర్చోండి.