ఐఎఫ్‌టాప్‌కి కనపడని 94 ఎంబీపీఎస్

దొరికింది! మూడు వారాలుగా సాయంత్రం ఏడున్నర దాటితే చాలు మా ఇంట్లో నెట్ ఎందుకు ఈడ్చుకుంటోందో నిన్న రాత్రి దొరికింది. తప్పు నాదే కాబట్టి సంతోషం సగమే.

రూటర్ టీపీ-లింక్ ఆర్చర్ సీ6 మూడో వెర్షన్, మీద ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (కంపెనీ సాఫ్ట్‌వేర్ బదులు ఎక్కించుకునే ఉచిత సాఫ్ట్‌వేర్). లైన్ రానూ పోనూ 100 ఎంబీపీఎస్. పోయిన నెల దాని అప్‌గ్రేడ్ సాఫీగా అయింది.

ఇక తలనొప్పి. పగలు 1.1.1.1కి (బయటున్న క్లౌడ్‌ఫ్లేర్ సర్వర్) పింగ్, అంటే ప్యాకెట్ అనే చిన్న డేటా ముక్క వెళ్లి తిరిగొచ్చే సమయం, 12 నుంచి 14 మిల్లీసెకన్లు. సాయంత్రం 7.40కి చూస్తే 280, 310, ఒక్కోసారి 340. ప్యాకెట్లు పోవట్లేదు, ఆలస్యంగా వస్తున్నాయంతే. ల్యాప్‌టాప్‌కి కేబుల్ గుచ్చి రూటర్‌ని పింగ్ చేస్తే 0.4, అంటే వైఫై గొడవ కాదు. రూటర్‌లో నుంచే ఎంటీఆర్ (దారిలో ఒక్కో మజిలీకి ఎంత ఆలస్యమో చూపే టూల్) పెడితే మొదటి హాప్‌లోనే, అంటే మొదటి మజిలీలోనే 290. మా వ్యాన్ పోర్టు (బయటి లైన్ గుచ్చే పోర్టు) దాటగానే ఎక్కడో క్యూ కట్టుకుపోతోంది.

మొదటి అనుమానం బోరు మోటార్ మీద. ఆ టైముకే అమ్మ ట్యాంకు నింపుతుంది, లాన్ (ఇంటి లోపలి నెట్) వైరు స్టార్టర్ డబ్బా పక్క నుంచే వెళ్తుంది. రెండు రోజులు మోటార్ పొద్దున వేయించాను. తేడా లేదు, అమ్మతో మాటలు పడ్డాను. తర్వాత ఎండ మీద పడ్డాను. నల్గొండ మే నెల, రూటర్ ఉండేది సజ్జ మీద, రేకుల కింద. టేబుల్ ఫ్యాన్ తెచ్చి దాని ముందు పెట్టాను. పింగ్ 300 అలాగే ఉంది, ఫ్యాన్ లేక నాయినకు నిద్ర లేదు. లాగ్‌రీడ్‌లో (రూటర్ రాసుకునే చిట్టా) లింక్ పడిపోయిన గుర్తు ఒక్కటీ లేదు. మూడోది నెట్ కంపెనీ. ఫోన్ చేస్తే రీస్టార్ట్ చేయండి సార్ అన్నారు. చేశాను. పది నిమిషాలు బాగుండి మళ్లీ మొదలు.

అప్‌లోడ్ నిండిపోయి బఫర్ ఉబ్బుతోందా (ప్యాకెట్లు క్యూలో పేరుకుని ఆలస్యమవుతున్నాయా) అన్న ఆలోచన రాకపోలేదు. కానీ దానికి రెండు నెలల కిందే ఎస్‌క్యూఎం (క్యూని అదుపులో ఉంచే ప్యాకేజీ) వేసి, అందులో కేక్ అనే క్యూ పద్ధతి పెట్టి, అప్‌లోడ్ 90 దగ్గర కట్టేశాను కదా. పైగా ఐఎఫ్‌టాప్ (ఎవరు ఎంత నెట్ వాడుతున్నారో చూపే టూల్) చూస్తే ఇల్లు మొత్తం కలిపి మూడు ఎంబీపీఎస్ దాటట్లేదు. ప్యాకెట్లను ఒక్కొక్కటే చూపే టీసీపీడంప్ పెడితే ఇంకా విచిత్రం: ఒక కనెక్షన్ మొదలవుతుంది, పదో పన్నెండో ప్యాకెట్లు కనపడతాయి, ఆ తర్వాత నిశ్శబ్దం. కనెక్షన్ తెగిపోయిందనుకున్నాను. మా పానగల్ ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడిలో పొద్దంతా నిలిచే నీడను చూసినవాళ్లంతా అది ఏ స్తంభానిదా అని వెనక్కి తిరిగి వెతుకుతారు చూడండి, నా పరిస్థితీ అదే.

నిన్న విసుగొచ్చి, కెర్నల్ (ప్రాసెసర్ మీద నడిచే సిస్టమ్ సాఫ్ట్‌వేర్) చెప్పేది పక్కన పెట్టి, పోర్టులను నడిపే స్విచ్ చిప్‌నే అడుగుదామని ఈథ్‌టూల్ కమాండ్‌కి మైనస్ ఎస్ తగిలించి వ్యాన్ పోర్టు లెక్క తీశాను. పది సెకన్ల తేడాతో రెండుసార్లు. బయటికి పోయిన బైట్లు 11.8 కోట్లు! అంటే 94 ఎంబీపీఎస్. అదే పది సెకన్లలో కెర్నల్ లెక్క ఉండే ప్రాక్-నెట్-డెవ్‌లో వ్యాన్ లెక్క 38 లక్షలు, మూడు ఎంబీపీఎస్. ఒకే పోర్టు, ఒకే పది సెకన్లు, ముప్పై రెట్ల తేడా. కాసేపు కళ్లు నులుముకున్నాను. కాన్‌ట్రాక్ పట్టిక (నడుస్తున్న కనెక్షన్ల జాబితా) తెరిస్తే అందులోని లైన్ల చివర హెచ్‌డబ్ల్యూ ఆఫ్‌లోడ్ అన్న ముద్ర.

అప్పుడు వెలిగింది. అప్‌గ్రేడ్ చేసిన రోజు స్పీడ్ వస్తుందని ఫైర్‌వాల్ పేజీలో హార్డ్‌వేర్ ఫ్లో ఆఫ్‌లోడింగ్ టిక్ పెట్టాను. అది పెడితే మీడియాటెక్ 7621 చిప్ కనెక్షన్ కుదిరిన తర్వాత ప్యాకెట్లను ప్రాసెసర్ దాకా రానివ్వదు, లోపలే దాటించేస్తుంది. ఐఎఫ్‌టాప్‌కి, టీసీపీడంప్‌కి అవి కనపడవు. అంతకన్నా ఘోరం, కేక్‌కీ కనపడవు. క్యూల లెక్క చూపే టీసీ మైనస్ ఎస్ కమాండ్ కొడితే కేక్ గుండా పోయిన లెక్క ఎప్పటినుంచో నామమాత్రంగానే ఉంది, నేనే చూడలేదు. నన్నడిగితే 100 ఎంబీపీఎస్ లైన్‌కి ఆ టిక్ దండగ, గిగాబిట్ ఉన్నవాళ్లు పెట్టుకోవాలి.

మరి 94 ఎవరిది? లాన్ పోర్టుల లెక్క ఒక్కొక్కటే తీస్తే లాన్2 లోపలికి అదే 11.8 కోట్లు. ఆ పోర్టు లైటు సజ్జ మీద మూడు వారాలుగా పిచ్చిగా కొట్టుకుంటూనే ఉంది. తల ఎత్తితే కనపడేది. వైరు పట్టుకుని పోతే తమ్ముడి గదిలో తేలాను. పెళ్లి వీడియోలు తీస్తాడు, షూటింగ్ నుంచి రాగానే కార్డులు సిస్టమ్‌లో గుమ్మరిస్తాడు, ఆ ఫోల్డర్ దానంతటదే క్లౌడ్‌కి పోతుంది.

"నిన్ను ఎన్నిసార్లు అడిగిన్రా, ఏం పెట్టినవని?"

"డౌన్‌లోడ్ ఏమన్న పెట్టినవా అని అడిగినవన్నా. నేను డౌన్‌లోడ్ పెట్టలే."

నిజమే, అప్‌లోడ్ అని నేను ఒక్కసారీ అడగలేదు.

ఆఫ్‌లోడింగ్ తీసేశాను. కేక్ పనిలోకి దిగింది. వాడి అప్‌లోడ్ 86 దగ్గర నడుస్తుండగానే పింగ్ 17 నుంచి 21. ఖర్చు ప్రాసెసర్ మీద పడింది: టాప్ కమాండ్‌లో ఎస్‌ఐఆర్‌క్యూ (ప్యాకెట్ల లాంటి పనులకు ప్రాసెసర్ పెట్టే సమయం) 4 శాతం ఉండేది 38కి ఎక్కింది. పర్వాలేదు, ఈ రూటర్‌కి అంత ఓపిక ఉంది. డౌన్‌లోడ్ మాత్రం 95 నుంచి 83కి తగ్గింది, ఆ వైపు పరిమితి 85కే కట్టినట్టున్నాను, పెంచి చూడాలి.

ఈ వారం పని: నిమిషానికోసారి పోర్టుల ఈథ్‌టూల్ లెక్కల్లో తేడా తీసి ఒక లైన్ రాసే చిన్న స్క్రిప్ట్. ఫైల్ టెంప్ ఫోల్డర్‌లో, అది ర్యామే కాబట్టి ఫ్లాష్ అరగదు. రాత్రికోసారి పాత ల్యాప్‌టాప్‌కి ఎస్‌సీపీతో కాపీ. తర్వాత ప్యాకెట్ స్టీరింగ్ (ప్యాకెట్ల పనిని ప్రాసెసర్ కోర్లకు పంచడం) పెట్టి ఆ 38 ఎంత దిగుతుందో చూడాలి. తమ్ముడి సింక్ రాత్రి పన్నెండుకు మారుద్దామంటే వాడు ఒప్పుకోవట్లేదు, ఎడిటర్‌కి తొమ్మిదికల్లా అందాలట. కేక్‌లో వాడి సిస్టమ్‌ని బల్క్ టిన్‌లోకి (తక్కువ ప్రాధాన్యం వరుస) తోసే పద్ధతి చదువుతున్నాను. ఫ్యాన్ నాయినకు తిరిగిచ్చేశాను.