రక్తపు గడ్డను బయటికి లాగే వైద్యం

ఒక వైద్య పత్రికలో చూసిన ఫొటో నాకు ఇప్పటికీ కళ్ళ ముందు కదులుతూనే ఉంటుంది. తెల్లటి గుడ్డ మీద సన్నని లోహపు తీగలతో అల్లిన చిన్న జాలీ గొట్టం, దాని కన్నాల్లో చిక్కుకున్న ముదురెరుపు గడ్డ. మహా అయితే వేలి కణుపులో సగం ఉంటుందేమో! అంత చిన్నది మెదడుకు రక్తం తీసుకెళ్ళే పెద్ద ధమనిలో ఇరుక్కుంటే, కాలూ చెయ్యీ పడిపోయి మాట పెగలదు.

గడ్డను కరిగించే ఆల్టెప్లేజ్ ఇంజెక్షన్ పక్షవాతంలో పనిచేస్తుందని 1995లోనే తేలింది. మొదట మూడు గంటల్లోపే ఇచ్చేవారు, 2008 తరవాత ఆ గడువు నాలుగున్నర గంటలకు పెరిగింది. అయితే పెద్ద ధమనిని మూసేసిన పొడవాటి గడ్డ చాలాసార్లు ఈ మందుకు లొంగదు. అందుకే గజ్జ దగ్గరి ధమనిలోంచి క్యాథెటర్ అనే సన్నని గొట్టాన్ని మెదడు దాకా పంపి, జాలీని గడ్డలో విప్పారనిచ్చి, అది తీగలకు పట్టుకునేదాకా కొద్ది నిమిషాలు ఆగి, వెనక్కి లాగుతారు. దీన్నే థ్రాంబెక్టమీ అంటారు. కొందరు వైద్యులు లావుపాటి క్యాథెటర్‌తో గడ్డను నేరుగా పీల్చేస్తారు.

వినడానికి ఇంత సహజంగా ఉన్న ఈ ఆలోచన 2013లో దాదాపు వీగిపోయింది. ఆ ఏడాది వెలువడిన మూడు అధ్యయనాల్లోనూ అదనపు ప్రయోజనం కనబడలేదు. నా దృష్టిలో తప్పు ఆలోచనది కాదు. వాడిన పరికరాలు చాలావరకు పాతవి, చికిత్స ఆలస్యంగా మొదలైంది, పైగా పెద్ద ధమని నిజంగా మూసుకుపోయిందో లేదో స్కాన్‌లో ముందే నిర్ధారించుకోకుండానే చాలామందిని చేర్చుకున్నారు.

నెదర్లాండ్స్‌లో 500 మందితో జరిగిన ఎం.ఆర్. క్లీన్ అధ్యయనం మూసుకుపోయిన ధమనిని స్కాన్‌లో చూశాకే, ఆరు గంటల్లోపు చికిత్స మొదలయ్యేలా రోగులను తీసుకుంది. మూడు నెలల తరవాత తమ పనులు తాము చేసుకోగలిగినవారు థ్రాంబెక్టమీ జరిగినవారిలో 32.6 శాతం, మామూలు చికిత్స మాత్రమే అందినవారిలో 19.1 శాతం. 2015లో ఇది ప్రచురితమైంది, అదే ఏడాది మరో నాలుగు అధ్యయనాలు ఇదే మాట చెప్పాయి. ఇన్ని చెప్పినా, గడ్డ తీసినవారిలో మూడింట రెండు వంతుల మంది ఆ స్థితికి చేరుకోలేదన్న సంగతీ ఆ అంకెలోనే ఉంది.

2018 నాటి డాన్ అధ్యయనం గడువును 24 గంటల దాకా జరిపింది, కానీ అందరికీ కాదు. పక్కదారి రక్తనాళాల పుణ్యమా అని మెదడులో ఎక్కువ భాగం ఇంకా బతికే ఉన్నవారికి మాత్రమే. నిద్ర లేచేసరికే చెయ్యి పడిపోయి ఉన్నవారికి ఇది పెద్ద ఊరట, ఎందుకంటే వైద్యులు లెక్క మొదలుపెట్టేది లక్షణాలు కనబడిన క్షణం నుంచి కాదు, ఆ మనిషి బాగానే ఉండగా ఎవరైనా చివరిసారి చూసిన వేళ నుంచి.