రాతి మీది నంబరు, టేబుల్లోని నంబరు

చీమకుర్తిలోని ఒక గ్రానైట్ యార్డు కోసం డేటాబేస్ తయారు చేసినప్పుడు, బ్లాకు మీద పెయింటుతో రాసే నంబరునే ప్రైమరీ కీగా, అంటే ప్రతి రికార్డునూ విడిగా గుర్తించే విలువగా, పెట్టాను. క్వారీలో వేసిన ఆ నంబరు వానకు చెరిగి, యార్డులో మళ్లీ వేసేటప్పుడు 7 కాస్తా 1 అయిన రోజున, కొలతలు, లోడింగు, బిల్లులు అన్న మూడు టేబుళ్లలోనూ దానిని దిద్దవలసి వచ్చింది. మారే అవకాశం ఉన్న విలువ కీగా పనికిరాదని నాకు అప్పుడే బోధపడింది.

అందుకే బ్లాకుల టేబులుకు కీగా ఐడెంటిటీ కాలమ్, అంటే డేటాబేసే తనంతట తాను నంబరు వేసే కాలమ్, ఇచ్చాను. అయితే క్వారీ కోడునూ బ్లాకు నంబరునూ కలిపి, ఆ జత రెండోసారి రాకుండా ఆపే యూనిక్ నిబంధన తప్పక ఉంచాను, ఎందుకంటే అది లేకపోతే ఒకే రాయి రెండు రికార్డులుగా చేరినా డేటాబేస్ అడ్డు చెప్పదు. చాలామంది మరిచిపోయేది ఇదే.

గెలాక్సీ, స్టీల్ గ్రే వంటి రాయి రకాల టేబులుకు మాత్రం మారని చిన్న కోడే చాలు. బ్లాకునూ లారీ ట్రిప్పునూ కలిపే టేబులుకు ఆ రెండు కీల జతే సరిపోతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్లో ప్రైమరీ కీయే మామూలుగా క్లస్టర్డ్ ఇండెక్సు (రికార్డులను అమర్చే క్రమాన్ని నిర్ణయించే సూచిక) అవుతుంది, దాని విలువ మిగతా ఇండెక్సులన్నిటిలోనూ చేరుతుంది కనుక పొడవైన కీ భారమవుతుంది. మధ్యలో రద్దైన ట్రాన్సాక్షన్ల (డేటాబేస్‌లో నమోదు చేసే పనుల) వల్ల ఐడెంటిటీ నంబర్లలో ఖాళీలు వస్తాయి కాబట్టి, దానినే బిల్లు నంబరుగా వాడదామని గుమాస్తా గారు అడిగినా నేను ఒప్పుకోలేదు. బిల్లు నంబరుకు విడిగా కాలమ్ పెట్టాను.