పలక చట్రాలు చేసిన ఏడాది

మన ఉన్నత పాఠశాల వెనుక, ఇప్పుడు పాత సామాను పడేసుకునే పెంకుల గదిలో, ఒకప్పుడు వడ్రంగం తరగతి నడిచేదని ఈ సంచిక చదివే తరువాతి బ్యాచ్‌ల వారిలో చాలామందికి తెలియకపోవచ్చు. మాధ్యమిక విద్యపై 1952–53లో పనిచేసిన మొదలియార్ కమిషన్ ప్రతి విద్యార్థీ ఏదో ఒక చేతిపని నేర్చుకోవాలని చెప్పింది. 1964–66 నాటి కొఠారీ కమిషన్ ఆ ఆలోచననే ‘పని అనుభవం’ అన్న పేరుతో మళ్లీ ముందుకు తెచ్చింది. ఆ సిఫారసుల చలవతోనే మనలాంటి పల్లెటూరి బడులకు కూడా కొన్ని రంపాలు, ఉలులు, చిత్రికలు, వాటితోపాటు ఒక క్రాఫ్టు మాస్టారు వచ్చారు. 1970లలో మా తొమ్మిదో తరగతికి ఆయన అప్పగించిన పని పలక చట్రాలు చేయడం. చుట్టుపక్కల ప్రాథమిక పాఠశాలల పిల్లలు వాడేవి మార్కాపురం రాతిపలకలే; రాయి బాగానే ఉన్నా చట్రం ఊడిపోయి, అంచులు చేతులకు గీసుకుపోయే పలకలు ప్రతి బడిలోనూ ఉండేవి. వాటికి కొత్త చట్రాలు కావాలి, అవి వందల్లో కావాలి.

పలక చట్రం చూడటానికి నాలుగు బద్దలే. కానీ ఆ నాలుగింటికీ లోపలి అంచున రాయి కూర్చునే గాడి ఉండాలి, పొట్టి బద్దల కొసలకు కుసులు, అంటే నాలుకల్లాంటి సన్నని మొనలు తీయాలి, అవి పొడుగు బద్దల తొలుల్లో, అంటే వాటికోసం తొలిచిన రంధ్రాల్లో బిగువుగా దిగాలి, మూలల్లో కొయ్య చీలలు పడాలి. మాస్టారు మొదట ప్రతి విద్యార్థి చేతా ఒక చట్రాన్ని మొదటినుంచి చివరిదాకా చేయించారు. అందరివీ పూర్తయ్యాక, చీలలు కొట్టకముందే, వాటన్నిటినీ విప్పించి, బద్దలను ఒకే కుప్పగా కలిపేసి, “ఇప్పుడు ఎవరికి దొరికిన బద్దలతో వాళ్లు చట్రం కట్టండిరా” అన్నారు. ఒక్కటీ కుదరలేదు. ఒకరి కుసి మరొకరి తొలిలో వదులుగా ఆడుతోంది, ఇంకొకరిది అసలు దూరడమే లేదు. ఎవరి చట్రం వారి చేతిలో చక్కగానే ఉంది. ఎవరి బద్దా మరొకరి చట్రానికి మాత్రం పనికిరాలేదు. భారీ ఉత్పత్తి గురించి తరువాత నేను చదివిన పాఠాలు ఎన్నో ఉన్నా, ఆ కుప్ప నేర్పినంత సూటిగా ఏదీ నేర్పలేదు.

ఆ తరువాత చాలా వారాలపాటు మేము చట్రాలు చేయలేదు, మూసలు చేశాము. బద్ద పెట్టి కోసేందుకు ఒక కొయ్య తొట్టి, బద్ద కొస ఆనుకునేందుకు దాని చివర ఒక దిమ్మ, రంపం అటూ ఇటూ పోకుండా రెండు వైపులా చీలికలు: ఇక కొలత చూడవలసిన పనే లేదు, ప్రతి బద్దా అదే పొడవున తెగుతుంది. తెగాలి కూడా, కానీ మొదటి విడతలో కొన్ని బద్దలు వెంట్రుకవాసి పొట్టిగా వచ్చాయి. కారణం వెతికితే, దిమ్మకూ బద్దకూ మధ్య చేరిన రంపపు పొట్టు. మాస్టారు దిమ్మ అడుగున చిన్న గంటు కొట్టించారు, పొట్టు అందులోకి జారిపోయింది. మూసలో లోపం ఉంటే ఒక బద్ద కాదు, ఆ విడతంతా చెడుతుందని అప్పుడే తెలిసింది. కుసి మందం చూడటానికి ఒక రేకు ముక్కలో రెండు గంట్లు కోసి ఇచ్చారు; కుసి మొదటి గంటులో దూరాలి, రెండోదానిలో దూరకూడదు. కుసి మందం ఈ రెండు గంట్ల కొలతల నడుమ ఎక్కడ ఉన్నా ఫరవాలేదు. యంత్రశాలల్లో ఇలాంటి కొలత పనిముట్లు ఉంటాయనీ, అనుమతించదగిన తేడాను ముందే నిర్ణయించుకోవడమే ఆ విద్య మొత్తానికి పునాది అనీ ఇంజనీరింగు చదువుకు వెళ్లాకే తెలుసుకున్నాను.

ఆ గదిలో ఒక పదార్థం నిషిద్ధం: మక్కు. కొండపల్లి బొమ్మల వారు కాళ్లు, చేతులు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికి, సందులు పూడుస్తారు. అక్కడ ఆ చేయి ఆ బొమ్మ కోసమే పుట్టింది కనుక మక్కు పనితనంలో భాగం. మా చట్రంలో మక్కు పడిందంటే మాత్రం తప్పును దాచినట్టే. పనిని పంచుకోవడం ఒకటి, ఏ భాగమైనా ఏ వస్తువుకైనా సరిపోవడం మరొకటి అన్న తేడాను నేను అక్కడే గ్రహించాను.

పని నడవడం మొదలయ్యాక మరో చిక్కు వచ్చింది. గాడి తీసే చిత్రిక బడికంతటికీ ఒక్కటే. కోత దగ్గర నలుగురు ఉత్సాహంగా కోస్తుంటే, గాడి దగ్గర బద్దలు గుట్టపడేవి. బిగింపు దగ్గర కూర్చున్నవారు చేతులు కట్టుకుని ఎదురుచూసేవారు. కోతకు ఇంకో ఇద్దరిని వేయమని మేము అడిగితే మాస్టారు నవ్వి, వేశాక గుట్ట ఎంత పెరుగుతుందో లెక్క కట్టి చూపమన్నారు. లెక్క కట్టాక మేమే కోతనుంచి ఇద్దరిని తీసి గాడి దగ్గర కూర్చోబెట్టాము. ఒకరు చిత్రిక పడుతుంటే మరొకరు బద్ద బిగించి సిద్ధంగా ఉంచేవారు. చిత్రిక ఖాళీగా ఉండటం మానేసింది, చట్రాల లెక్క పెరిగింది.

భారీ ఉత్పత్తి అనగానే పాఠ్యపుస్తకాలు 1913 నాటి ఫోర్డు కార్ల కర్మాగారంతో మొదలుపెడతాయి. అంతకు నూరేళ్ల ముందే ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ నౌకాశ్రయంలో ఓడల తెరచాపల తాళ్లకు కావలసిన కొయ్య కప్పీలను మార్క్ బ్రునెల్ రూపొందించగా హెన్రీ మాడ్‌స్లే తయారుచేసిన యంత్రాలపై చేసేవారు. 110 మంది పనివారు చేసే పనిని అక్కడ పదిమంది చేశారు. 1808 నాటికి ఏడాదికి 1,30,000 కప్పీలు వచ్చాయి. ఈ కథ చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కన్నా పరిచయం ఎక్కువగా తోచింది, ఎందుకంటే అదీ కొయ్యపనే.

మా తరగతిలో విసుగూ ఉండేది. బరమాతో చీలల బెజ్జాలు వేయడమే పనైన మిత్రుడొకడు, తాను వడ్రంగం నేర్చుకుంటున్నాడో బెజ్జాలు లెక్కపెడుతున్నాడో తెలియడం లేదని మాస్టారి ముందే అన్నాడు. ఆయన కోప్పడలేదు. ఆ తరువాత వారం వారం అందరి స్థానాలూ మార్చేవారు. మార్చిన ప్రతిసారీ చట్రాల సంఖ్య పడిపోయేది, అయినా మానలేదు. గుండుసూదుల తయారీ ఉదాహరణతో 1776 నాటి ‘ది వెల్త్ ఆఫ్ నేషన్స్’లో పని విభజనను అంతగా మెచ్చుకున్న ఆర్థికవేత్త ఆడమ్ స్మిత్ కూడా, జీవితమంతా రెండు మూడు చిన్న పనులకే పరిమితమైనవాడి బుద్ధి మొద్దుబారుతుందని అదే గ్రంథంలో హెచ్చరించాడు. ఫ్యాక్టరీ యజమాని ఆ నష్టాన్ని భరించడేమో కానీ, బడి భరించాలి. అందరూ ముందుగా ఒక చట్రం పూర్తిగా చేసి ఉండకపోతే, ఆ మార్పులు కూడా అంతగా ఫలించేవి కావని నా అభిప్రాయం.

2020 జాతీయ విద్యా విధానం 6–8 తరగతుల పిల్లలకు పుస్తకాల సంచి లేని పది రోజులు కేటాయించి, వడ్రంగులు, కుమ్మరులు వంటి స్థానిక పనివారి దగ్గర పని నేర్పించమంటున్నది. పూర్వ విద్యార్థుల సంఘం ఆ పెంకుల గదిని బాగు చేయించి, కొన్ని రంపాలు, రెండు గాడి చిత్రికలు కొనిస్తే, మన ఊరి వడ్రంగులలో ఒకరిని పిలిచి మళ్లీ మొదలుపెట్టవచ్చు. పలకలు ఇప్పుడు అంతగా అవసరం లేదు కనుక పరీక్షల్లో కాగితం కింద పెట్టుకునే రాత పలకలు చేయించవచ్చు. మూసలు చేయించే బాధ్యత నేను తీసుకుంటాను.